నూకరత్నం గారు ఈ వారం రాలేదు

శుద్ధ చవితి

నాలుగో తెప్పవాడ, మంచినీటి శాల దినచర్య. రాస్తున్నది పర్యవేక్షకుడు పొట్నూరు సత్యారావు, బి.ఏ.

పేరు పక్కన పట్టా రాసుకోవడం చూసి కొందరు నవ్వుకుంటారని నాకు తెలుసు. పగలంతా పంపుల దగ్గర పనిచేసి, రాత్రి బడిలో నిద్రతో పోరాడి, నలభయ్యో ఏట సంపాదించుకున్న అక్షరాలవి. నవ్వేవాళ్ల కోసం వాటిని తుడిచివేయలేను.

ఉదయపు పోటుకు సముద్రపు నాచు వచ్చి నీరు లాగే గొట్టం మూతికి అడ్డుపడింది. మా గజఈతగాడు మైలపిల్లి ఎర్రయ్య దిగి తీసివేశాడు. ఉప్పు వడకట్టే పొరలు రెండు మార్చాను. మనిషికి రెండు బిందెల చొప్పున పంపిణీ సక్రమంగా జరిగింది. వాటాకు మించి ఒక గ్లాసు నీరు పోసినా, ఎవరికి పోసినదీ దినచర్యలో పేరు రాయాలన్నది సముద్రం మీద తేలే మా తెప్పవాడ నియమం. నా హయాంలో ఆ గడి ఈనాటి వరకు ఖాళీగానే ఉంది.

పేజీ చివర ‘ఇతర విషయాలు’ అని కొంత చోటు విడిచి ఉంటుంది. ఈ రోజు మొదటిసారి దానిని వాడుకుంటున్నాను.

వారానికొకసారి సాయంత్రం షిఫ్టు దిగాక భోజనశాల మూల బల్ల దగ్గర మేము కథాపలక ఆడతాం. తెలియనివారి కోసం రాస్తున్నాను. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు ఒక్కొక్క పాత్రను ధరించి, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏమంటుందో తామే చెబుతారు. తలపెట్టిన పని నెరవేరేదీ లేనిదీ పాచికలు తేలుస్తాయి. కోటలు, దారులు, బొమ్మలు వెలిగే పలక మీద కదులుతాయి; ఆ పలక మాట్లాడుతుంది కూడా. కథ నడిపేది నేను. మా కథ పేరు ‘మణిదుర్గం’. దాని సంపుటాలన్నీ, ఆడేవారి నాలుగు ఆసనాలతో సహా, నా జీతంలోంచి ఒక్కొక్కటిగా కథాభాండారం అనే అంగట్లో కొన్నాను. దొంగ ప్రతులు చవకగా దొరికే రోజుల్లో కూడా వాటి జోలికి పోలేదు. పన్నెండేళ్లుగా ఆడుతున్నాం.

ఎప్పటిలాగే పలక వెలగగానే హాజరు అడిగింది.

“ఎర్రయ్య గారు వచ్చారా?”

“వొచ్చినాను.”

“ఎస్తేరు గారు వచ్చారా?”

“రాక ఎక్కడికి పోతాను? సుట్టూ నీల్లే గదా,” అంది క్రేను నడిపే ఎస్తేరు.

“నూకరత్నం గారు వచ్చారా?”

“ఈ వారం రాలేదు,” అన్నాను నేను.

నూకరత్నం ఎర్రయ్య భార్య. పోయిన తుఫాను కాలంలో, ఒడ్డు నుంచి పడవ రాలేని రోజుల్లో, పచ్చకామెర్లతో చనిపోయింది. ఆ తర్వాతి వారం పలక హాజరు అడిగినప్పుడు ఉన్న విషయం చెప్పబోయాను. ఎర్రయ్య నా చేతి మీద చెయ్యి వేశాడు. “వల కాడ సావు మాట ఎత్తకూడదు మేస్టారూ. ఈ బల్ల కూడా మాకు వలే,” అన్నాడు. ఆనాటి నుంచి ప్రతి వారం ‘రాలేదు’ అంటున్నాను. అబద్ధమాడనివాడినని పేరున్న మనిషిని నేను.

ఆడే మనిషి రానప్పుడు ఆ పాత్రను పలక తానే మిగిలినవారి వెంట నడిపిస్తుంది. కొత్తగా ఏమీ కల్పించదు. ఆ మనిషి పాత ఆటల్లో పలికిన మాటలనే, ఆ గొంతుతోనే, సమయం చూసి పలికిస్తుంది. నూకరత్నం పాత్ర మల్లి అనే పడవ సరంగు. మల్లికి ఒక పద్ధతి ఉంది. రాక్షసుడి గుహ అయినా సరే, తలుపు తట్టనిదే లోపలికి అడుగు పెట్టదు.

“ఉండండి, ఉండండి. తలుపు తట్టనీండి,” అంటుంది. తట్టి, “ఎవరైనా ఉన్నారాండీ? ఉప్పునీల్ల మీంచి వొచ్చినాం. కాసిన్ని మంచినీల్లు ఇప్పిస్తారా?” అని అడుగుతుంది.

మొదట్లో నేను అభ్యంతరం చెప్పాను. చాటుగా చేరి ఛేదించవలసిన కోటలో తలుపు తట్టడం యుద్ధనీతి కాదన్నాను. “యుద్దం సంగతి తరవాత మేస్టారండీ, ముందు మరియాద ఉండాల గదా,” అంది నూకరత్నం. పాచికలు కూడా చాలాసార్లు ఆమె పక్షమే వహించాయి. ఒక బ్రహ్మరాక్షసుడు నిజంగానే నీళ్లిచ్చాడు.

మణిదుర్గం చివరి తలుపు ముందుకు మేము పోయిన ఏడే చేరుకున్నాం. అది తెరిస్తే కథ ముగుస్తుంది. ఆమె పోయాక తెరవడానికి ఎవరికీ మనసొప్పలేదు. నేను ఏవో పక్కదారులు కల్పిస్తూ వస్తున్నాను. ప్రస్తుతం తప్పిపోయిన మేక ఒకటి ఉంది.

“ఇంకెన్నాల్లు మేస్టారూ ఈ మేకని ఎతకడం?” అంది ఎస్తేరు. “నాను రాణీని. ఏడు కోటలు గెలిసినాను. మేకల కాపరిని సేసీసినావు.”

ఎర్రయ్య నవ్వాడు. ఆట ముగిసే వేళ పలక మీద ఒక ప్రకటన కనబడింది. కథాభాండారం చేతులు మారిందట. మేము కొన్నవన్నీ ఉండే పాత అర పౌర్ణమినాడు మూసివేస్తారట. దానితో పాటు మా కొనుగోళ్లన్నీ పోతాయట.

శుద్ధ షష్ఠి

పొరలు కడిగాను. ఒడ్డు పడవ రెండు బస్తాల సున్నం తెచ్చింది. పాటుకు నీరు బాగా తీసినందున, మునిగిపోయిన భీమిలి లైట్‌హౌసు తల బయటపడి కనబడిందని పడవవారు చెప్పారు.

ఇతర విషయాలు: మధ్యాహ్నం ఒడ్డు ఫోను తీగ మీద భాండారం సహాయ విభాగంతో మాట్లాడాను. ఒక యువతి పలికింది.

“సార్, మీరు కొన్నది పుస్తకం కాదండి. చదువుకోడానికి అనుమతండి.”

“రసీదు మీద ‘కొనుగోలు’ అని స్పష్టంగా ఉంది.”

“అది మాటవరసకి అలా రాస్తారండి.”

“అమ్మా, మాటవరసకు రసీదు రాయడం ఏ దేశపు వ్యాపారం? నేను పట్టభద్రుణ్ణి. కొనడం అంటే ఏమిటో నాకు తెలుసు.”

ఆమె నా రసీదు సంఖ్య అడిగి తీసుకుంది. పిమ్మట ఒక దారి ఉందని చెప్పింది. ఒక కథలో ఆసనాలున్న వారందరూ తమ నోటితో సమ్మతి తెలిపితే, ఆ కథ జరిగిందంతా కొత్త భాండారంలోకి చేరుతుంది. ఒక్కరు తెలపకపోయినా చేరదు.

“మీది నాలుగు ఆసనాల కథండి. నూకరత్నం గారు చాలా కాలంగా రాలేదని చూపిస్తోంది. ఎప్పుడొస్తారండి?”

నేను రసీదులను మళ్లీ వరసగా పేర్చసాగాను. ఆమె గొంతు తగ్గించింది.

“సార్, ఒకవేళ వారికి అలాంటిదేమైనా జరిగుంటే, ఆ మాట పలకతో చెబితే సరిపోతుందండి. ఆ ఆసనం తీసేస్తుంది. మిగతా ముగ్గురి సమ్మతి చాలండి.”

“ఆసనంతో పాటు ఇంకేమి పోతాయి?”

“ఆ పాత్ర పోతుందండి. గొంతు కూడా. పోయినవాళ్ల గొంతులు ఉంచకూడదని నిబంధనండి.” మళ్లీ తానే, “నాకు చేతనైతే ఉంచేదాన్నే సార్,” అంది.

శుద్ధ సప్తమి

నీటి పంపిణీ సక్రమం.

ఇతర విషయాలు: మధ్యాహ్న భోజనం దగ్గర ఇద్దరికీ విషయం వివరించాను. నూకరత్నం మరణాన్ని పలకకు తెలియజేస్తే మిగతా కథంతా నిలుస్తుంది, మల్లి పోతుంది. తెలియజేయకపోతే పౌర్ణమికి అంతా పోతుంది. మూడో దారి లేదు.

ఎర్రయ్య కంచంలో అన్నం కెలుకుతూ ఉండిపోయాడు.

“పన్నెండేల్లు,” అంది ఎస్తేరు. “పగలల్లా ఆ క్రేను డబ్బాలో ఒక్కదాన్నే కూకుంటాను. దిగి వొస్తే నన్నెవుడూ పలకరించడు. ‘రాణీగారూ’ అని పిలిసేది ఆ పలకొక్కటే. అది కూడా తీసీసుకుంటే నాకేటి మిగుల్తాదన్నా?”

“నానేటన్నాను సెల్లీ?”

“అనవు. అదే గదా. మాటనకుండా నన్ను కూడా పాతీస్తన్నావు.”

ఎర్రయ్య లేచి, చెయ్యి కడుక్కోకుండానే వెళ్లిపోయాడు. ఎస్తేరు తన కంచం వైపు చూస్తూ, “నా నోరు పడిపోను,” అంది. ఇద్దరి కంచాలూ నేనే తీశాను.

శుద్ధ నవమి

రెండో పంపు మరమ్మతు.

ఇతర విషయాలు: మల్లి గొంతు విడిగా దాచడం సాధ్యమవుతుందేమోనని ప్రయత్నించాను. పలక తన గొంతులను కాపాడుకుంటుంది. పక్కన రికార్డరు పెడితే మా మాటలు పడ్డాయి గాని, మల్లి మాటల చోట ఉత్త మౌనం వచ్చింది.

సాయంత్రం ఎర్రయ్య నీటిశాలకు వచ్చాడు. తడి బట్టలతోనే గట్టు మీద కూర్చున్నాడు.

“ఆ తలుపెనకాల ఏటున్నాది మేస్టారూ?”

“నాకు తెలియదు. చివరి అధ్యాయం ఆ తలుపు తెరిస్తే గాని తెరుచుకోదు.”

“నీకు కూడా తెలీదా!” చాలా రోజులకు మనసారా నవ్వాడు. “అదుంటే ఎంత నవ్వునో. ‘మేస్టారికి కూడా తెలీదంట’ అని తెప్పవాడంతా టముకేసీసును.”

ఎర్రయ్య తడి చొక్కా అంచు పిండుకున్నాడు.

“దాని పొటోలున్నాయి నా కాడ. సీరలున్నాయి. గొంతు మట్టుకు ఆ పలకలోనే ఉన్నాది. వారానికోపాలి ‘ఉండండి, ఉండండి’ అంటాది గదా, ఆ మాట కోసం మిగతా దినాలు నీల్లలో దిగుతన్నాను.” మోకాలి మీది ఉప్పును గోటితో గీకాడు. “ఎస్తేరు సెప్పింది నిజమే. సచ్చినదాని కోసం బతికున్న మనిసిది లాక్కోకూడదు. ఏకాదశి ఆట నాడు పలకతో నానే సెప్తాను. వల కాడ సావు మాట అన్న పాపం నాకే రానీ.”

వద్దనే హక్కు నాకు లేదు. సరేననే ధైర్యమూ కలగలేదు. ఆరబెట్టుకోవడానికి నా తువ్వాలు ఇచ్చాను.

శుద్ధ ఏకాదశి

పంపిణీ సక్రమం. గాలి తూర్పు నుంచి వీస్తోంది.

ఇతర విషయాలు: ఈ రోజు ఎర్రయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పలక వెలగకముందే నాతో అన్నాడు: “మేస్టారూ, హాజరు ఆకర్న సెప్తాను. ముందర ఆ తలుపు కాడికి తీసుకెల్లు. ఒక్కపాలి తట్టనీ.”

హాజరు ముందు తీసుకోవడం పలక నియమం. దానిని ఆట చివరకు వాయిదా వేసే వీలు కూడా ఉంది. పన్నెండేళ్లలో నేను ఆ వెసులుబాటును ఎన్నడూ వాడలేదు. ఈ రోజు వాడాను.

మేకను దొరికించాను. అది ఇన్నాళ్లూ కోట గోడ నీడలోనే పడుకుని ఉందని చెప్పాను. ఎస్తేరు నవ్వలేదు. మూడు బొమ్మలూ చివరి తలుపు ముందుకు వచ్చి నిలిచాయి. ఎర్రయ్య ధరించే విలుకాడు, ఎస్తేరు రాణి, వారి వెనుక మల్లి.

“తలుపు మూసి ఉంది,” అన్నాను. “ఏం చేస్తారు?”

మల్లి బొమ్మ వారిద్దరి మధ్య నుంచి ముందుకు జరిగింది.

“ఉండండి, ఉండండి. తలుపు తట్టనీండి.”

ఎర్రయ్య కళ్లు మూసుకున్నాడు. పలకలోంచి తలుపు తట్టిన చప్పుడు వినిపించింది.

“ఎవరైనా ఉన్నారాండీ? ఉప్పునీల్ల మీంచి వొచ్చినాం. కాసిన్ని మంచినీల్లు ఇప్పిస్తారా?”

ఆ మాటల వెనుక, ఏ సంవత్సరపు ఆటలోదో గాని, పక్కనున్నవారిని చూసి ఆమె ఆపుకోలేక నవ్విన నవ్వు కొసరుగా వినబడింది.

“ఈ పూటకి సాలు,” అన్నాడు ఎర్రయ్య. “అడగమను మేస్టారూ.”

పలక ఈసారి హాజరుతో పాటే సమ్మతి కూడా తీసుకుంటుంది; ముందుగా ఎర్రయ్యను అడిగింది. ఇచ్చాడు. ఎస్తేరు సమ్మతి అడిగింది. ఆమె తల వంచుకునే ఇచ్చింది. నేనూ ఇచ్చాను.

“నూకరత్నం గారు వచ్చారా?”

ఎర్రయ్య చొక్కా పై బొత్తం తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. “అది...” అన్నాడు.

“రాలేదు!” అంది ఎస్తేరు. భోజనశాలలో అందరూ తిరిగి చూశారు. “ఏటి మేస్టారూ, అలగ సూస్తావు? ఎప్పుడూ నువ్వే గదా సెప్తావు. సెప్పు. ఈ వారం రాలేదని సెప్పు.”

“సెల్లీ, నీ కోటలు...”

“ఏడు కోటలుండి ఏటి సేసుకోను? ఆ నవ్వు ఇన్నాక కూడా నువ్వు దాన్ని సంపుతుంటే పక్కన కూకోమంటావా? నాను రాణీని. నా రాజ్జెంలో అలగ కుదరదు.”

పలక రెండోసారి అడిగింది.

ఎర్రయ్య నా వైపు చూశాడు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఇన్నాళ్లూ నేను ఆ మాటను అలవాటుగా అంటూ వచ్చాను. ఈసారి దాని వెల తెలిసి అన్నాను.

“నూకరత్నం గారు ఈ వారం రాలేదు.”

“సమ్మతి అసంపూర్ణం,” అంది పలక. “వచ్చే వారం కలుద్దాం.”

పౌర్ణమి

పెద్ద పోటు. దిగువ మెట్లు మునిగాయి. గొట్టాలకు నష్టం లేదు.

ఇతర విషయాలు: సాయంత్రం పలక దానంతట అది ఆరిపోయింది. తిరిగి వెలిగించగా ‘మీ అరలో ఏమీ లేదు’ అని చూపింది. రసీదులు మాత్రం అన్నీ ఉన్నాయి.

బహుళ తదియ

పంపిణీ సక్రమం.

ఇతర విషయాలు: ఆట రోజు. ఉత్త బల్ల దగ్గర నేనూ ఎస్తేరూ కూర్చున్నాం. ఎర్రయ్య రాలేదు. మణిదుర్గం నక్షాను సుద్దతో బల్ల మీద గీయడానికి ప్రయత్నించాను. నది కోటకు తూర్పున ఉందని నేను, పడమరన ఉందని ఎస్తేరు. ఇంత చదివి ఇది కూడా గుర్తులేదా అని ఆమె అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. సుద్ద తుడిచివేసి ఎవరి గదికి వాళ్లం వెళ్లిపోయాం.

బహుళ దశమి

మొదటి పంపు పొరలు మార్చాను. సున్నం ఇంకా ఒక బస్తా ఉంది.

ఇతర విషయాలు: ఈ సాయంత్రం నేను వెళ్లేసరికే ఎర్రయ్య బల్ల దగ్గర ఉన్నాడు. ఎస్తేరు వంటశాల నుంచి చింతగింజలు తెచ్చి, ఒక వైపు అరగదీసి పాచికలుగా చేసింది. బల్ల మీద నక్షా లేదు, బొమ్మలు లేవు. నాలుగో కుర్చీని ఎవరూ తీయలేదు.

హాజరు అడిగేవారు లేరు. కాబట్టి నేనే అడిగాను.

“ఎర్రయ్య గారు వచ్చారా?”

“వొచ్చినాను.”

“ఎస్తేరు గారు వచ్చారా?”

“వొచ్చినాను.”

మూడో పేరు నా నోట రాలేదు. వాళ్లూ తొందరపెట్టలేదు. నేను కథ మొదలుపెట్టాను. “మీరు చివరి తలుపు ముందు ఉన్నారు. తలుపు మూసి ఉంది. ఏం చేస్తారు?”

ఎస్తేరు వంతు. “నాను ఆగుతాను,” అంది.

ఎర్రయ్య వంతు. “నాను కూడా.”

తర్వాతి వంతు నాలుగో కుర్చీది. ఎదురుచూశాం. నూకరత్నం ఎప్పుడూ ఆలస్యంగానే ఆలోచించేది. ఆ ఆలస్యానికి నేను విసుక్కునేవాడిని. ఈ రోజు అది ఎంతసేపు సాగితే అంత బాగుండుననిపించింది. పక్క బల్లలవారు తిని లేచిపోయారు.

అప్పుడు ఎర్రయ్య వేలి కణుపులతో బల్లను మెల్లగా తట్టాడు.

కథ నడిపేవాడిని కనుక తలుపుకు లోపల ఉండవలసింది నేనే. అక్కడ ఏమి రాసి ఉందో నేను చదవలేదు, ఇక చదవబోను. “ఎవరది?” అని లోపలి నుంచి అడిగాను.

“మేమేనండీ,” అన్నాడు ఎర్రయ్య. “ఉప్పునీల్ల మీంచి వొచ్చినాం. కాసిన్ని...” ఆ తర్వాత మాట రాలేదు. పెదవులు మాత్రం కదిలాయి. ఎస్తేరు అతని వీపు మీద చెయ్యి వేసింది. ఆ వాక్యాన్ని ఆమె కూడా పూర్తి చేయలేదు.

నేను లేచి నీటిశాలకు వెళ్లాను. నిల్వ తొట్టి కుళాయి కింద గ్లాసు పట్టి నింపి, తొణకకుండా తీసుకువచ్చి నాలుగో కుర్చీ ముందు పెట్టాను. తలుపు తెరిచానని చెప్పాను. ఈ రోజు ఆట అంతవరకే జరిగింది.

వాటాకు మించి వాడిన నీరు: ఒక గ్లాసు. ఎవరికి: మైలపిల్లి నూకరత్నం.

సంతకం: పొట్నూరు సత్యారావు, బి.ఏ.